పదకొండు ముక్కల కాశీ ప్రసాదం

ఎదురింటి సుబ్బాయమ్మగారు వీధి అరుగు మీద కూర్చుని తన చీర అంచు మీది పువ్వులు చీమల్లా పాకుతున్నాయని కేకలు పెడుతున్నారు. సరిగ్గా అప్పుడే లోపలి గదిలోంచి కొడుకు "అమ్మా, నా పెట్టె ఎవరు తీశారు?" అని అరిచాడు. ఆ రెండు కేకల మధ్య నడవలో గోవిందమ్మను నిలబెట్టి మనం వెళ్ళిపోయాం. పాపం, ఆవిడ వారం రోజులుగా అక్కడే నిలబడి ఉంది. ఇంకా నిలబెట్టడం న్యాయం కాదు.

ఇవాళే కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకి నాలుగు మాటలు. తిరువూరులో రైసు మిల్లు నడిపే మధుసూదనరావుగారి భార్య గోవిందమ్మ. కాశీలో ఇంజనీరింగు చదువుతున్న ఒక్కగానొక్క కొడుకు చంద్రశేఖరం నిన్న సాయంత్రం చెప్పాపెట్టకుండా ఊడిపడ్డాడు. మెడ దాకా జుట్టు, వీధులూడ్చే బెల్‌బాటం ప్యాంటు, కళ్ళ కింద నల్లటి చారలు. రెండు ముద్దలు తిని మంచమెక్కినవాడు పొద్దెక్కినా లేవలేదు. వాడి బట్టలు ఎండలో వేద్దామని పెట్టె తెరిచిన తల్లికి అడుగున కాషాయం గుడ్డ మూట కనిపించింది. మూటలో విభూతి పొట్లం, దాని కింద రేకు డబ్బా, డబ్బాలో పటికబెల్లం ముక్కలు.

కాశీ ప్రసాదం! గోవిందమ్మ కళ్ళు చెమర్చాయి. దేవుడి గది వైపు తొంగి కూడా చూడనివాడు ఇంత భక్తిగా కట్టి తెచ్చాడు. క్షేత్రం నుంచి వచ్చిన ప్రసాదం ఇంట్లో దాచుకోకూడదని, పొద్దు తిరక్కముందే పదిమంది నోట్లో పడాలని అత్తగారు నేర్పిన పద్ధతి. అందులోనూ శుక్రవారం. తలారా స్నానం చేసి, దేవుడికి చూపించి, తన చేత్తో పంచింది.

ఇక రండి.

గోవిందమ్మ గదిలోకి అడుగు పెట్టేసరికి ట్రంకు పెట్టె బోర్లించి ఉంది. బట్టల మధ్య నేల మీద శేఖరం కూలబడి ఉన్నాడు. చేతిలో ఖాళీ డబ్బా.

"ఇందులోవి ఏం చేశావమ్మా?"

"ఏం చేస్తానురా, పంచాను. నువ్వు లేచాక నీకూ పెడదామంటే..."

"పంచావా? ఎవరికి?"

"నలుగురికీ. ప్రసాదమేగా?"

వాడు కోప్పడతాడనుకుంది. వాడికి కోపం రాలేదు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ ముఖం గోవిందమ్మ ఇదివరకు ఒక్కసారే చూసింది, ఆరేళ్ళప్పుడు మిల్లులో తిరిగే బెల్టుకి చొక్కా చిక్కుకున్న రోజున.

"నువ్వు తిన్నావా అమ్మా? నిజం చెప్పు."

"శుక్రవారం ఒంటిపొద్దు కదా. సాయంత్రం దీపం పెట్టాక నోట్లో వేసుకుందామని కొంగున కట్టుకున్నా."

వాడు ఒక్క ఉదుటున లేచి ఆవిడ కొంగు లాగి ముడి విప్పాడు. ముక్క తీసి కిటికీలోంచి విసరబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, మళ్ళీ డబ్బాలోనే వేసి మూత గట్టిగా నొక్కాడు. వీధిలో పడేస్తే ఏ పిల్లాడో ఏరుకు తింటాడని భయపడ్డాడని ఆవిడకి తర్వాతెప్పుడో తెలిసింది.

"అదేం పనిరా! కాశీ ప్రసాదాన్ని..."

"ప్రసాదం కాదమ్మా అది. మందు."

"పటికబెల్లంలో మందేంటి?"

"పటికబెల్లం మీద చుక్కలు వేసి ఆరబెట్టారు. ఎల్లెస్డీ అంటారు. కెమిస్ట్రీ ల్యాబుల్లో తయారు చేస్తారు. రంగుండదు, రుచుండదు, వాసనుండదు. గుండుసూది మొన మీద నిలిచేంత పడితే చాలు."

"ఏ జబ్బుకి?"

"జబ్బుకి కాదు."

"మరి దేనికిరా?"

శేఖరం తలొంచుకున్నాడు. "లేనివి చూడ్డానికి."

లేనివి చూడాలన్న కోరిక మనిషికి ఎందుకు పుడుతుందో గోవిందమ్మకి అర్థం కాలేదు. ఉన్నవి చూసుకోవడానికే ఆవిడకి రోజుకి ఇరవై నాలుగ్గంటలు చాలడం లేదు. వీధిలో సుబ్బాయమ్మగారి కేక సన్నటి ఏడుపులోకి దిగింది.

ఇక కొడుకు దాచలేదు. మాటలు తొట్రుపడుతూ, వెనకాముందులవుతూ బయటికొచ్చాయి. గంగ ఒడ్డున పడవ ఇళ్ళల్లో ఉండే తెల్లదొరల్లో ఒకడు పరిచయమయ్యాడు. వీడూ, వీడి గదిలో ఉండే జగన్నాథరావూ వాడి దగ్గర సరదాగా మొదలుపెట్టారు. మొదటిసారి పాటకి రంగులు కనిపించాయట. వేపచెట్టు ఆకు ఆకునా నవ్విందట. స్వర్గమంటే ఇదే అనుకున్నారట.

"రెండోసారి నా చేతులు నావి కావనిపించింది అమ్మా. ఎవరివో తెచ్చి నాకు అతికించారనిపించింది. తీసి పారేద్దామని కత్తి కోసం వెతికాను. గంట గడిచిందనుకుంటే రెండు నిమిషాలు కూడా అయ్యేది కాదు. ఆ బాధ ఇక ఎప్పటికీ తీరదనిపించింది. ఇప్పటికీ ఒక్కోసారి దీపం కేసి చూస్తే దాని వెనక ఇంకో దీపం కదులుతుంది."

గోవిందమ్మ చప్పున వాడి రెండు చేతులూ పట్టుకుంది. తను నలుగు పెట్టి రుద్దిన చేతులు, తను గోళ్ళు తీసిన చేతులు. వదలబుద్ధి కాలేదు.

"జగన్నాథం మొన్న ఆదివారం రెండు ముక్కలు వేసుకున్నాడు. హాస్టలు మేడ మీద నిలబడి, గంగ గాల్లోకి లేచింది చూడండ్రా, దాని మీద నడిచి అవతలి ఒడ్డుకి పోతానన్నాడు. నవ్వుతూనే ఉన్నాడమ్మా. మేం పట్టుకునేలోపు అడుగు వేసేశాడు."

"అయ్యో! బతికాడా?"

"నడుం విరిగింది. ఇంకెప్పుడూ లేచి నిలబడడన్నారు. గదులన్నీ సోదా చేస్తారని తెలిసింది. డబ్బా నా మంచం కింద ఉంది. దారిలో ఏ నదిలోనో పడేద్దామనుకున్నా. రైల్లో పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరు. పోలీసులు పెట్టెలు వెతుకుతున్నారు. అందుకని ఎవరికీ అనుమానం రాకుండా..."

"అనుమానం రాకుండా?"

"కాషాయం గుడ్డలో చుట్టి, పైన విభూతి పొట్లం పెట్టాను."

గోవిందమ్మ కొడుకు చేతులు వదిలేసింది.

"విషానికి ప్రసాదం వేషం వేసింది నువ్వు," అంది చివరికి. "పంచింది నేను."

వాడు ఏడ్చాడు. ఓదార్చే తీరిక ఆవిడకి లేదు. "చచ్చిపోతారా?" అని అడిగింది.

"ఆ మందుతోనే ప్రాణం పోవడం అరుదమ్మా. పెద్దవాళ్ళకి, గుండె బలం లేనివాళ్ళకి ఏమవుతుందో చెప్పలేం. అసలు ప్రమాదం అది ఎక్కినప్పుడు వాళ్ళు చేసే పనులతోనే. నుయ్యి దారిలా కనిపిస్తుంది. నిప్పు నీళ్ళలా కనిపిస్తుంది. అరగంటకో గంటకో మొదలై పది పన్నెండు గంటలుంటుంది. ఏ ముక్కలో ఎంతుందో కూడా తెలీదు. ఆ దొర చేతికొచ్చినట్టు చుక్కలు వేశాడు. ఒకదాని మీద ఒకటి, ఇంకోదాని మీద నాలుగు."

"మొత్తం ఎన్ని ముక్కలు?"

"పదకొండు. నువ్వు ఎవరెవరికిచ్చావో చెప్పు. ఆసుపత్రి నర్సు దగ్గరికి పరిగెత్తి చెప్పేస్తాను."

గోవిందమ్మ నోరు తెరిచింది. అంతలో ఎదురింట్లోంచి చాలామంది ఒక్కసారిగా అరిచారు. "నూతి దగ్గరకెళ్తోంది, పట్టుకోండి!" అన్న మాట స్పష్టంగా వినిపించింది. ఆ అరుపుతో ఆవిడ బుర్రలో లెక్కలన్నీ చెదిరిపోయి, ఒకే ఒక్క సంగతి మిగిలింది. ఇది బయటపడితే వీడిని బతకనివ్వరు. సుబ్బాయమ్మగారి కొడుకులు ఊరుకోరు. పోలీసులు ఊరుకోరు. మధుసూదనరావుగారైతే నిలబెట్టి తోలు వలుస్తారు.

"నువ్వెవరికీ ఏం చెప్పొద్దు," అంది. "దొడ్డిదారిన పో. గంపలగూడెం బస్సు పదకొండున్నరకి. వినగడపలో దిగి మా పిన్ని వాళ్ళింటికి వెళ్ళు. నేను కబురు చేసేదాకా ఈ గడప తొక్కకు."

"అమ్మా, చెప్పకపోతే వాళ్ళకి వైద్యం ఎలా..."

"నేను చూసుకుంటానన్నానా? మీ నాన్న భోజనానికొచ్చే వేళైంది. పో!"

కొయ్యబొమ్మలా నిలబడ్డవాడిని భుజం పట్టి గెంటినంత పని చేసింది. చొక్కా జేబులో బస్సు టికెట్టుకి చిల్లర తనే కుక్కింది. తప్పే. కాదనను. ఆ క్షణంలో ఆ తప్పు చెయ్యని తల్లి ఎవరైనా ఉంటే ఈ పత్రిక సంపాదకుడికి ఓ కార్డు ముక్క రాయండి, నేను స్వయంగా వచ్చి దణ్ణం పెట్టుకుంటాను.

గోవిందమ్మ ఎదురింటి లోగిట్లోకి వెళ్ళింది.

అరవై ఏళ్ళ సుబ్బాయమ్మగారిని నూతి చేంతాడుతో వసారా స్తంభానికి కట్టేశారు. ఎకరాలకి ఎకరాలు మామిడితోటలున్న ఇంటి పెద్ద, ముక్కుసూటి మనిషి, పాలేర్లు ఎదుటపడి మాట్లాడ్డానికి జంకే మనిషి. ఆవిడ ముడి ఊడిపోయి జుట్టు చెంపల మీద పడింది. కళ్ళు మామూలు కళ్ళు కావు. తెల్లగుడ్డు మధ్య నల్లపాప విప్పారి కన్నంతా అదే అయింది. ఎదురుగా మంత్రాల వెంకటప్పయ్య కుంపట్లో ఎండుమిరపకాయలు వేస్తున్నాడు. చేతిలో వేపమండలు. పొగకి అందరూ దగ్గుతున్నారు.

"ఆకాశం నూతిలో పడిపోయిందే, తోడుకొస్తానంటే కట్టేశారే," అంటోంది సుబ్బాయమ్మ ఎవరితోనో. వెంకటప్పయ్య వేపమండ ఎత్తగానే ఆవిడ గొంతు చించుకుని అరిచింది. ఆవిడకి ఆ మండ వేపమండలా కనిపించలేదు. ఏమై కనిపించిందో ఆ తర్వాత ఎప్పుడూ ఎవరితోనూ చెప్పలేదు.

"గోవిందూ, వచ్చావా? నీ ముఖమేంటే అలా కారిపోతోంది? తుడుచుకోవే, కింద పడిపోతుంది!"

గోవిందమ్మ తెలియకుండానే చెంప తడుముకుంది.

"మైల చేత్తో కాశీ ప్రసాదం ముట్టుకుని ఉంటుంది. విశ్వేశ్వరుడు ఆగ్రహించాడు," అన్నాడు వెంకటప్పయ్య అందరికీ వినిపించేలా. "తప్పు ఒప్పుకునేదాకా వదలడు."

ఆ మాట సుబ్బాయమ్మకి చేరింది. ఒక్కసారిగా ముడుచుకుపోయి చిన్నపిల్లలా వెక్కిళ్ళు పెట్టింది. "తప్పే నాయనా, తప్పే. నాకొకటీ ఆయనకొకటీ ఇచ్చింది గోవిందు. ఆయన రెడ్డిగూడెం తోటలో ఉన్నారు, సాయంత్రానికి గానీ రారు, చీమలు పడతాయని ఆయన వంతు కూడా నేనే నోట్లో వేసుకున్నా. మొగుడి వంతు ప్రసాదం తిన్నాను. అందుకే నన్ను తినేస్తున్నాడు. పళ్ళు కనిపిస్తున్నాయి, గోడ నిండా పళ్ళు..."

అప్పుడే గుమ్మంలోంచి పొగని చేత్తో విసురుకుంటూ నర్సు రిబ్కా లోపలికొచ్చింది. డాక్టరుగారు పొద్దున్నే విజయవాడ వెళ్ళారు. ఆయన లేనప్పుడు తిరువూరులో సగం మందికి డాక్టరు రిబ్కాయే. బక్కపలచటి మనిషి, తెల్లచీర, గట్టి గొంతు.

"ముందా కుంపటి అవతల పెట్టండి. తాడు విప్పండి."

"విప్పితే నూతిలో దూకుతుంది రిబ్కమ్మా," అంది కోడలు సరోజిని ఏడుస్తూ.

"ఇద్దరు చెరో చెయ్యీ పట్టుకోండి. కట్టేస్తే భయంతోనే చచ్చిపోతుంది. నాడి చూడండి, గుర్రంలా పరిగెడుతోంది." రిబ్కా సుబ్బాయమ్మ కనురెప్ప పైకెత్తి చూసింది. నుదుటి మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగింది. "ఉమ్మెత్త తిన్నవాళ్ళని చూశాను నేను. కళ్ళు ఇలాగే ఉంటాయి, కానీ ఒళ్ళు పొడిగా కాలిపోతుంది. ఈవిడకి చెమట్లు పోస్తున్నాయి. ఇది ఉమ్మెత్త కాదు. ఏం తిన్నారు పొద్దుట్నుంచి?"

"ఇడ్లీ. అందరం తిన్నాం. అంతే. ఇంక ప్రసాదం," అంది సరోజిని. "ప్రసాదంలో ఏముంటుంది?"

ఎవరూ గోవిందమ్మ వైపు చూడలేదు. కాశీ ప్రసాదాన్ని శంకించే బుద్ధి ఆ లోగిట్లో ఒక్కరికీ పుట్టలేదు. ఎవరైనా అనుమానంగా చూసి ఉంటే బొంకగలిగేదేమో. ఆ నమ్మకం ముందు బొంకడం ఆవిడకి చేతకాలేదు.

రిబ్కా సంచిలోంచి సూది తీసింది. "నిద్రకి ఇంజెక్షను ఇస్తాను. కానీ లోపలున్నదేంటో తెలీకుండా ఇస్తే ఊపిరి ఆగిపోవచ్చు. వయసు చిన్నది కాదు. తర్వాత నన్నని లాభం లేదు. తెలిసినవాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే చెప్పండి."

సూదిలోకి మందు ఎక్కుతోంది. సుబ్బాయమ్మ "నా పాపమే, నా పాపమే" అంటూ తల స్తంభానికేసి కొట్టుకుంటోంది. గోవిందమ్మకి కొడుకు గుర్తొచ్చాడు. ఈపాటికి బస్సెక్కి ఉంటాడు. ఊరు దాటితే చాలు. ఇంకొక్క పావుగంట నోరు మూసుకుంటే చాలు.

"ఆగు రిబ్కా!"

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"సుబ్బాయమ్మ పిన్నిగారి పాపం కాదు. ఏ దేవుడూ ఆగ్రహించలేదు. నేను పెట్టింది ప్రసాదం కాదు. మా శేఖరం తెచ్చుకున్న మత్తుమందు అది, ఎల్లెస్డీ అంట. నాకు తెలీదు. తెలీకుండా నా చేత్తో పెట్టాను."

వెంకటప్పయ్య వేపమండలు కిందికి దించాడు. సరోజిని చూసిన చూపుకి గోవిందమ్మ అక్కడే భూమిలోకి కుంగిపోవాలనుకుంది.

"ఎంతసేపుంటుందన్నాడు?" రిబ్కా గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

"పదీ పన్నెండు గంటలు."

"సరే. చల్లటి చీకటి గదిలో పడుకోబెట్టండి. ఎవరూ అరవొద్దు, వాదించొద్దు. కనిపించేవి నిజం కావని, సాయంత్రానికి పోతాయని మెల్లగా చెబుతూ ఉండండి. ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు. నూతిని పలకలతో మూసెయ్యండి." సూది పక్కన పెట్టి గోవిందమ్మ వైపు తిరిగింది. "మొత్తం ఎన్ని? ఎవరెవరికి? వేళ్ళ మీద చెప్పండి."

"పదకొండు. దేవుడి పటం ముందు ఒకటి ఉంది. నా కొంగున ఒకటి, అది శేఖరం డబ్బాలో వేశాడు. పిన్నిగారికి రెండు. ఇంక మా ఆయనకి రెండు, పొట్లం కట్టి మిల్లుకి..."

"ఏంటే ఈ గోల?" అంటూ మధుసూదనరావుగారు అప్పుడే లోగిట్లోకి అడుగుపెట్టారు. భోజనానికి ఇంటికొచ్చి, ఎవరూ లేకపోతే ఇటు వచ్చారు. నుదుటి మీద ఊక దుమ్ము, ఎడమ అరచేతిలో విప్పిన కాగితం పొట్లం, రెండు వేళ్ళ మధ్య పటికబెల్లం ముక్క. "పొద్దుట్నుంచీ పని ఒత్తిడిలో నోట్లో వేసుకోవడానికే కుదరలేదు. ఇదిగో ఇప్పుడు..."

ఇరవై ఆరేళ్ళ కాపురంలో భర్తకి ఎదురు మాట్లాడని గోవిందమ్మ ఒక్క అంగలో వెళ్ళి ఆ చేతి మీద ఫెడీమని కొట్టింది. ముక్క ఎగిరి గచ్చు మీద పడింది. మధుసూదనరావుగారు కోపం తెచ్చుకోవడం కూడా మరిచిపోయి అలాగే నిలబడ్డారు.

రిబ్కా వంగి ఆ ముక్క ఏరి, పొట్లంలోది కూడా తీసుకుని గుడ్డలో చుట్టింది. "ఆరయ్యాయి. మిగతా ఐదు?"

గోవిందమ్మ బొటనవేలు కణుపు మీద ఆగిపోయింది. ఒక్కొక్క ముఖమూ గుర్తు చేసుకోబోయింది. ఏ ముఖమూ గుర్తు రాలేదు. ఎందుకంటే ఆ ఐదూ ఏ ఒక్కరి చేతిలోనూ పెట్టలేదు.

అప్పుడు గుర్తొచ్చింది.

ఏటా వేసవిలో బస్టాండు దగ్గర వైశ్య సంఘం ఆడవాళ్ళు చలివేంద్రం పెడతారు. తాటాకు పందిరి, ఇసకలో పెద్ద బాన, వట్టివేళ్ళు వేసిన చల్లటి నీళ్ళు. పంచడానికి ముక్కలు ఇన్నే ఉన్నాయి, ఊరు చూస్తే ఇంతుంది. ఐదు ముక్కలు బానలో వేస్తే దారినపోయే వందమందికీ కాశీ ప్రసాదం అందుతుంది కదా అనుకుంది పొద్దున. పదింటికి స్వయంగా వెళ్ళి, కళ్ళకద్దుకుని, "విశ్వేశ్వరా" అంటూ ఒక్కొక్కటే జారవిడిచింది.

వింటున్న రిబ్కా ముఖం మొదటిసారి మారింది. "కలిపారా?"

"లేదు. ప్రసాదం పడ్డ నీళ్ళల్లో గరిటె పెట్టి తిప్పకూడదంటారు."

"అయితే పైపైన ముంచుకు తాగినవాళ్ళకి పెద్దగా అంటి ఉండదు. కరిగిందంతా అడుగునే ఉంటుంది. పరిగెత్తండి అమ్మగారూ. అడుగు నీళ్ళు ఎవరూ తాగకముందే ఆ బాన బద్దలు కొట్టండి!"

గోవిందమ్మ పరిగెత్తింది. చెప్పులు లేవు. తల మీద కొంగు జారిపోయింది. వెనక మధుసూదనరావుగారు పిలుస్తున్నారు. మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు అరికాళ్ళకి అంటుకుంటోంది. మామిడికాయల లారీలు వరసగా ఆగి ఉన్నాయి. వాటి నీడన కూర్చున్న ప్రతి మనిషి కళ్ళలోకీ తొంగి చూస్తూ పరిగెత్తింది. అందరి కళ్ళూ మామూలుగానే ఉన్నాయి. విశ్వేశ్వరా, ఇంకాసేపు మామూలుగానే ఉంచు, ఇంకాసేపు, అని పెదాల మీదే అనుకుంది.

చలివేంద్రం పందిరి కనిపించింది. నీళ్ళు పోసే కనకమ్మ బాన బోర్లించి, చింతపండు పీచుతో తోముతోంది.

"అదేంటి వదినా, ఇంత ఎండలో చెప్పుల్లేకుండా?"

"నీళ్ళు! అడుగు నీళ్ళేం చేశావే కనకమ్మా?"

"పారబొయ్యలేదులే, కంగారు పడకు," అంది కనకమ్మ మెచ్చుకోలు కోసం ముఖం విప్పార్చి. "పన్నెండు కొట్టగానే బాన కడిగి మళ్ళీ నింపాలి కదా. అడుగున నాలుగు గ్లాసులున్నాయి. నువ్వు వేసిన ప్రసాదమంతా అందులోనే ఉంటుందాయె, మట్టిలో పోస్తానా? గంపలగూడెం బస్సు డ్రైవరు అంతోనయ్య వచ్చాడు. ఓ గ్లాసు తాగి, ఏంటమ్మా ఇవాళ నీళ్ళు ఇంత తియ్యగా ఉన్నాయని ఇంకో గ్లాసు అడిగి మరీ తాగాడు. మిగతావి దారిలో తాగుతానంటే వాడి సీసాలో పోశాను."

గోవిందమ్మ పందిరి రాట పట్టుకుంది. "బస్సేది?"

"ఇప్పుడే పోయింది. ఆ పెళ్ళివాళ్ళు ఎక్కేసరికి పదకొండున్నర బస్సు కాస్తా పన్నెండు దాటి కదిలింది. నిలబడ్డానికి చోటు లేదు, పిల్లలూ ముసలీ అంతా కలిసి డెబ్బైమంది ఉంటారు."

గోవిందమ్మ మనసు ఆ బస్సుతో పాటు పరిగెత్తింది. ఇంకో అరగంటలో కట్లేరు వాగు చప్టా. సన్నటి చప్టా, పక్కన గోడ లేదు, కింద అంతా బండరాళ్ళు. ఆ అరగంటకే అంతోనయ్య కళ్ళు విప్పారతాయి. చప్టా అతని కంటికి ఏమై కనిపిస్తుంది?

"మీ శేఖరం కూడా అందులోనే ఎక్కాడుగా," కనకమ్మ చెప్పుకుపోతోంది. "డ్రైవరు పక్కన ఇంజను పెట్టె మీద చోటు దొరికింది. ఎండకి పిల్లాడి ముఖం పీక్కుపోయి ఉంది వదినా. డ్రైవరు సీసా మీవాడి చేతికే ఇచ్చాను. దాహమేస్తే నువ్వూ రెండు గుక్కలు తాగు నాయనా అని చెప్పాను."

"అందులో నేనేం వేశానో వాడికి చెప్పావా?" గోవిందమ్మ కనకమ్మ తడి చేతులు రెండూ పట్టుకుంది. "చెప్పావా కనకమ్మా?"

"చెబుదామనే నోరు తెరిచాను వదినా," అంది కనకమ్మ అయోమయంగా చూస్తూ. "ఇంతలో బస్సు కదిలిపోయింది."